నలభై ఆరు మీటర్లు

మొదటి తీర్మానంల అది
వారాసిగూడ కూరగాయల గల్లీ మొగదల ఉండె.
టేపు నేనే పట్టిన, రెండో కొస చాంద్‌పాషా.
పొడుగు మూడు అరవై, వెడల్పు రెండు నలభై,
రెండు గదులు, మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు.
ఆడోళ్లకు మాత్రమే.
సున్నంతోటి గీత గీసి ఆఫీసుకు పోయేసరికి
ఫోను నాకంటె ముందొచ్చి కూసుంది.

"మిఠాయి దుకాణం ఎదురుంగ ఎట్ల కడ్తరయ్యా,
బాలూషాహీ ఎవడు కొంటడు?"
నిజమే గదా అన్నడు ఏ.ఈ. సారు.
గీత పద్నాలుగు మీటర్లు జరిగింది.

అక్కడ పండ్ల డాక్టరు బోర్డు.
ఇంకో తొమ్మిది మీటర్లు.

అక్కడ ఒక పక్క దర్గా గోడ, ఇంకో పక్క మైసమ్మ గద్దె.
బోనాలకూ ఉర్సుకూ మైకుల కాడ కొట్లాడే పెద్దమనుషులు
ఆ ఒక్క సాయంత్రం
ఒకే బల్ల మీద ఇరానీ ఛాయ్ తాగి
ఒకే కాయితం మీద సంతకాలు పెట్టిన్రు.
పదకొండు.

వార్డు కమిటీల అది ఏడో ఐటమ్.
ఆరోది చౌరస్తకు స్వాగత తోరణం, రంగు లైట్లు,
చప్పట్లతోటి పాసయింది.
తోరణం ఎవరింటి ముందు నిలబడ్డా ఎవరికీ నామోషీ లేదు.
ఏడోదాని కాడికి రాంగనే గొంతులు తగ్గినయి.
"ఆ వసతి" అన్నడొకాయన,
"సదరు నిర్మాణం" అన్నడు ఇంకొకాయన.
పేరు పలకనీకె సిగ్గయినదానికి
జాగ ఎవరిస్తరు?

ఎనక కుర్చీల నుంచి సాయవ్వ లేచింది,
ఆకుకూరల సాయవ్వ.
"సార్, నాలుగింటికి మొండా మార్కెట్ల మూట ఎత్తంగ
ఓ గిలాసెడు నీళ్లు తాగుత.
మల్ల ఇంటికి పొయ్యినంకనే, మూడింటికి.
కొత్తిమీరకు మాత్రం గడియకోసారి చల్లుత.
అది వాడొద్దు గదా."
కూసుంది.
మినిట్స్ రాసే పిల్లగాడు పెన్ను ఎత్తి నా దిక్కు చూసిండు.
"ఒక మహిళ మాట్లాడినారు" అని రాయించిన్రు.

ఇంకో పన్నెండు మీటర్లు పోయి
నాలా గోడ కాడ ఆగింది ఆఖరికి.
అక్కడ అభ్యంతరం చెప్పెటోళ్లు లేరు,
వీధి లైటు లేదు గనక.
శిలాఫలకం మాత్రం మొదటి గీత మీదనే నాటిన్రు,
నలుగురి కండ్ల పడాలె గద.
దానికి మిఠాయి దుకాణపాయన ఏమనలే,
పైంగ లడ్డూలు పంచిండు.

రిబ్బన్ తెగిన రెండో నాడే తాళం పడ్డది.
ఎవరు కడగాలె, ఎవరు కాపలుండాలె,
పై నుంచి ఆర్డరు రావాలెనట.
తాళంచెవి రిజిస్టర్ల నా పేరు మీద ఉన్నది.

ఇరవై రెండేండ్ల సర్వీసు నాది.
కంకర, ఇటుక, పైపు,
కొలతల పుస్తకంల సెంటీమీటరు తప్పు రాయలేదు.
ఆదివారం నాడు చిలకలగూడ మూల మీద
తాళాలు చేసే హబీబుకు నలభై రూపాయలిచ్చిన.
అది ఏ పుస్తకంలనూ ఎక్కియ్యలే.

సోమవారం మెంతికూర రెండు కట్టలు కొని
ఇరవై నోటు మడతల పెట్టి ఇచ్చిన.
సాయవ్వ నోటు ఇప్పి చూసింది, నన్ను చూడలే.
కొసరు కింద కొత్తిమీర కట్ట ఒకటి
సంచిల ఏసింది, అంతే.

ఇయ్యాల పదకొండింటికి ఆ తొవ్వల్నే పోతున్న.
బుట్టకాడ మనిషి లేదు,
మిఠాయి దుకాణంల పనిచేసే పిల్లగాడు
తరాజు పట్టుకొని కావలి ఉన్నడు.
నాలా గోడ దిక్కు నుంచి ఆమె మెల్లగ నడిచి వచ్చి,
కొంగుకు చేతులు తుడుచుకొని,
కొత్తిమీర మీద నాలుగు చుక్కలు చల్లి,
అదే సీసా ఎత్తి
గటగట తాగింది.

లైటు కోసం ప్రపోజల్ పెట్టిన.
వచ్చే మీటింగుల అది తొమ్మిదో ఐటమ్.